పెన్‌డ్రైవ్‌లో వచ్చిన చుట్టం

డీటీపీ సెంటరుకు వ్యాసం పట్టుకెళ్ళిన ప్రతిసారీ నా వెంట ఒక చుట్టం ఇంటికొస్తుంది. పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లు మాయం. వాటి పేర్లతోనే, మూలన చిన్న బాణం గుర్తుతో షార్ట్‌కట్లు. నొక్కామా, వైరస్‌ను చేయిపట్టి లోపలికి తెచ్చుకున్నట్టే. "మీ పెన్‌డ్రైవ్‌లోనే ఉంది సార్" అంటాడు ఆపరేటర్ కుర్రాడు. "మీ సిస్టంలోదే నాయనా" అంటాను నేను. ఏడాదిలో రెండోసారి విండోస్ మళ్ళీ ఎక్కించుకున్న రోజు, ఇక లినక్స్‌కు మారిపోదామనుకున్నాను. మారేముందు ఈ పీడ వంశవృక్షం తిరగేశాను.

మూలపురుషుడు 1971 నాటి క్రీపర్. అమెరికాలో బీబీఎన్ సంస్థలో బాబ్ థామస్ రాశాడు. అర్పానెట్ అనే నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకుతూ, చేతనైతే పట్టుకోమని తెరమీద సవాలు విసరడమే దాని పని. 1982లో రిచ్ స్క్రెంటా అనే పదిహేనేళ్ళ కుర్రాడు స్నేహితులను ఏడిపించడానికి ఆపిల్ 2 ఫ్లాపీల్లోకి ఎల్క్ క్లోనర్‌ను వదిలాడు. 'వైరస్' పేరు 1983లో ఫ్రెడ్ కోహెన్ ప్రయోగాలకు ఆయన గురువు లెన్ ఏడిల్‌మన్ సూచించినది.

పీసీలకు అంటిన మొదటి వైరస్ మాత్రం మన పొరుగునే, లాహోర్‌లో పుట్టింది. 1986లో బాసిత్, అంజద్ అనే అన్నదమ్ములు 'బ్రెయిన్' తయారుచేశారు. తాము రాసిన వైద్య సాఫ్ట్‌వేర్‌ను జనం దొంగ కాపీలు తీస్తున్నారని వాళ్ళ బాధ. అందుకని ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో దూరే ఆ వైరస్‌లో తమ పేర్లు, చిరునామా, ఫోన్ నంబర్లు కూడా రాసిపెట్టారు! కొన్నాళ్ళకు విదేశాల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఇంటి అడ్రసు ఇచ్చి మరీ దూరిన దొంగ బహుశా చరిత్రలో ఇదొక్కటే.

ఫ్లాపీలో వచ్చినవాడు ఇల్లంతా ఎలా ఏలాడు? లోపం ఇంటి కట్టుబడిలో ఉంది. 1981 నాటి ఐబీఎం పీసీలో నడిచిన డాస్‌కు మూలం టిమ్ పాటర్సన్ హడావుడిగా రాసిన చిన్న సిస్టం. ఒక మనిషికి ఒక యంత్రం, అంతే. అది ఒంటిగది ఇల్లు; లోపలికొచ్చిన ప్రతివాడూ యజమానే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ సత్రం లాంటిది. ఒకే యంత్రం పదిమంది వాడుకోవాలి కనుక గదికో తాళం, అన్ని తాళాలూ 'రూట్' అనే పెద్ద దగ్గర. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆ పద్ధతినే లినక్స్‌కు తెచ్చాడు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కూడా ఇళ్ళలో చాలామంది అడ్మినిస్ట్రేటర్ హోదాలోనే కూర్చునేవాళ్ళం. 2007లో విస్టా వచ్చి అనుమతి అడగడం మొదలెడితే, చిరాకుపడి చదవకుండానే 'ఎస్' నొక్కాం.

అలాగని సత్రంలో దొంగలు పడలేదా? పడ్డారు. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు (వార్మ్) కుదేలు చేసింది యూనిక్స్ యంత్రాలనే. అది పాస్‌వర్డులు ఊహించి తాళాలు తీసేది. విచిత్రమేమిటంటే, యూనిక్స్ పాస్‌వర్డులను గుప్తంగా దాచే పద్ధతిని రూపొందించింది ఆ కుర్రాడి తండ్రే. 2016లో మిరాయి అనే పురుగు కూడా లినక్స్ మీద నడిచే సీసీ కెమెరాల్లోకే దూరింది, కొన్ననాటి పాస్‌వర్డు ఎవరూ మార్చకపోవడం వల్ల. ఇటు 2017 మేలో వానాక్రై అనే పురుగు విండోస్‌ను పట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా చిక్కాయి. దాని మందు అంతకు రెండు నెలల ముందే విడుదలైంది.

అయినా సరే మారదామనే నిశ్చయించుకుని కుర్రాడికి చెప్పాను. "మరి అను ఫాంట్లు? పేజ్‌మేకర్?" అన్నాడు. తెలుగు అక్షరాలకు అను, పేజీలు పేర్చడానికి పేజ్‌మేకర్; రెండూ లినక్స్‌ను ఎరగవు. పేజ్‌మేకర్‌కు 2001 నాటి ఏడో వెర్షనే ఆఖరిది. మా పత్రికల పేజీలు ఇంకా అందులోనే తయారవుతాయి. నేను యూనికోడ్‌లో రాసిచ్చినా అక్కడ అను ఫాంట్లలోకి మార్చాల్సిందే.

చివరికి డిస్కును రెండు వాటాలు చేశాను: ఒకదాంట్లో విండోస్, ఒకదాంట్లో లినక్స్. డీటీపీ నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్ ముందు లినక్స్‌లో గుచ్చుతాను. అక్కడ దాచిన ఫోల్డర్లు దాచినట్టు ఉండవు. షార్ట్‌కట్లు, వాటి వెనకున్న అసలు ఫైలు, అన్నీ పక్కపక్కనే కనబడతాయి. చుట్టాన్ని గుమ్మంలోనే డిలీట్ చేసి, ప్రూఫు దిద్దుకోవడానికి కూర్చుంటాను.