చిన్న పలక, పెద్ద పలక



మా నరసన్నపేటలో నా పూర్వశిష్యుడొకడు పెండ్లిండ్లకు ఛాయాచిత్రములు తీసి జీవించుచున్నాడు. మాఘమాసపు ముహూర్తములు ముగిసిన పిమ్మట నా యొద్దకు వచ్చి, “మాస్టారూ! నా చేతిలోనిది క్రాప్ సెన్సారు కెమెరా. అది చిన్నదట. ఫుల్ ఫ్రేము కెమెరా ఉన్నవారికే పెద్ద పెండ్లిండ్లు దొరకుచున్నవి. అమ్మ నగలు తాకట్టు పెట్టి కొనమందురా?” అని యడిగెను. నేను యంత్రజ్ఞుడను కాను. అయినను తల్లి నగల మాట వచ్చినందున, ఈ కొలతలు ఎట్లు పుట్టినవో విచారించితిని. ఆ విషయమునే నేడు మీకు విన్నవించెదను.

సెన్సారనగా కెమెరాలో కటకమునకు వెనుకనుండి వెలుతురును గ్రహించు పలక. పూర్వము దాని స్థానమున గాజుపలకయు, పిదప ఫిల్మును ఉండెడివి. సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని ఆదరమునకు పాత్రుడైన రాజా దీన్‌దయాళు (1844–1905) అట్టి గాజుపలకలతోనే కోటలను, దర్బారులను చిత్రించెను. ఆ కాలమున పలకను కాగితముపై నానించి ఎండలో నుంచి ముద్రించెడివారు. పలక యెంతయో పటము నంతయే. జానెడు పటము కావలెనన్న జానెడు పలక మోయవలసినదే. కావున నాటి పెద్ద పలక ఆడంబరము కాదు, అవసరము.

చిన్న ప్రతిబింబమును దీపపు వెలుగుతో పెద్దదిగా ముద్రించు విధానము వ్యాపించిన పిదప ఆ యవసరము తగ్గెను. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అను పనివాడు ఉబ్బసరోగి. బరువైన పలకల కెమెరా మోయలేకపోయెను. అతడు సినిమా ఫిల్మును చిన్న పెట్టెలో నమర్చి, 18 మి.మీ.కు 24 మి.మీ.గా నున్న సినిమా బొమ్మను రెట్టించి, 24 మి.మీ.కు 36 మి.మీ. కొలతను నిర్ణయించెను. 1925లో లైప్సిగ్ సంతలో ‘లైకా’ అను పేర అది వెలువడెను. నేడు ఫుల్ ఫ్రేమని గౌరవింపబడునది ఈ కొలతయే. గాజుపలకల యెదుట నది మిక్కిలి చిన్నది!

ఫిల్ము పోయి సిలికాను పలక వచ్చిన తొలిదినములలో పెద్ద పలక చేయుట మిక్కిలి వ్యయము. అందుచే సుమారు 23.5 మి.మీ. వెడల్పు, 15.6 మి.మీ. ఎత్తు గల చిన్న పలకలు వచ్చినవి. అదియే క్రాప్ సెన్సారు. 2002లో కేనన్ సంస్థ పూర్తి కొలత గల కెమెరాను వెలువరించినను, దాని వెల సామాన్యుల కందునది కాదు. చిన్నదానిని చులకనగా చూడకుడు. టాకీల కాలమున స్థిరపడిన సినిమా బొమ్మ 22 మి.మీ.కు 16 మి.మీ. మాత్రమే. డేరాలో నేలటిక్కెట్టుపై కూర్చుండి మనము చూచిన దేవతలందరును ఇంచుమించు ఈ క్రాప్ కొలతనుండియే తెరనిండ వెలసిరి.

అట్లని పెద్ద పలకకు గుణము లేదనుట అసత్యము. దాని వైశాల్యము రెండింతలకు మించినది. ఒకే కటకరంధ్రము, ఒకే వ్యవధి యైనచో అది మొత్తముమీద అంత హెచ్చు వెలుతురు గ్రహించును. రాత్రి పందిటిలో కదలుచున్న జనమును తీయునపుడు బొమ్మలో మచ్చలు తగ్గును. కాని శ్రీముఖలింగము గోడలమీది శాసనము కదలదు. ముక్కాలిపీట నిలిపి ఓపికతో తీసిన చిన్న కెమెరాయు చాలును. తేలినీలాపురము చెట్లపై వాలు కొంగలను దూరమునుండి తీయువానికి, అదే కటకముతో చిన్న పలక చట్రములో ఒకటిన్నర రెట్లు దగ్గరగా చూపును.

మా శిష్యుని పని రాత్రి పని. కావున వాని కోరిక వట్టి భ్రమ కాదు. అయినను నేను వానితో నిట్లంటిని: “నాయనా, నీ కటకము ఎఫ్ 2.8 గలది. దానికి బదులు ఎఫ్ 1.8 గల కటకము పెట్టినచో రెండింతలకు మించి వెలుతురు వచ్చును. పెద్ద పలకవలన కలుగు లాభమును ఇంచుమించు నంతియే. దూరము మార్చుకొనుటకు నీవే అడుగులు వేయవలెను. దృష్టి కుదుర్చుటలో జాగ్రత్త వహింపవలెను. అది ఫుల్ ఫ్రేమునకును సరిపడు కటకమైనచో, రేపు పెద్ద కెమెరా కొన్నప్పుడును నీకు పనికివచ్చును. ఆ కెమెరాను నీ సంపాదనతో కొనుము.”

వాడు కొంతసేపు మౌనముగా నుండి, “పెండ్లివారు కెమెరాను చూచి బేరమాడుదురు మాస్టారూ” అనెను. అదియు నిజమే. ఆ మాటకు నాకు సమాధానము దొరకలేదు. మన యింటి శుభకార్యములకు బేరమాడు పెద్దలము మనమే గదా! ఈ సారి చిత్రకారుడు వచ్చినప్పుడు కెమెరా యెంతదని యడుగక, క్రిందటి పెండ్లిలో వాడు తీసిన పటములు తెప్పించి చూడుడు. మా శిష్యుడు కటకము కొనెను. నగలు ఇంకను వాని తల్లి మెడలోనే యున్నవి.

ఇక సెలవు.