వాషింగ్టన్ వారి ఇంటిపేరు

ఊరిపేరు ఇంటిపేరగుట మనకు క్రొత్త గాదు. నార్మనుల రాకతో ఇంగ్లండునందును భూస్వాములు తామనుభవించు గ్రామముల పేర్లను ధరించు ఆచారము ప్రబలెను. అట్లు పుట్టిన పేర్లలో వాషింగ్టన్ అనుదానికి జరిగినంత ప్రయాణము మఱియొకదానికి జరిగియుండదు.

ఆ కుటుంబమువారు మొదట హార్ట్‌బర్న్ వారు. డర్హమ్ బిషప్పు తన ఏలుబడిలోని గ్రామముల రాబడిని 1183లో 'బోల్డన్ బుక్' అను కవిలెకు ఎక్కింపగా, అందు విలియం డి హార్ట్‌బర్న్ అనునతడు హార్ట్‌బర్న్ గ్రామమును విడిచి, దానికి మారుగా వాషింగ్టన్ గ్రామమును పుచ్చుకొనెననియు, అందులకై నాలుగు పౌనులు చెల్లించి, బిషప్పుగారి పెద్దవేటకు నాలుగు వేటకుక్కలతో హాజరు కావలెననియు వ్రాయబడియున్నది. ఊరు మారగా పేరును మారెను. ఈ మార్పిడి జరుగకున్నచో అమెరికా రాజధాని నేడు హార్ట్‌బర్న్ నగరమై యుండెడిది కాబోలు!

తరువాత ఒక శాఖ లాంకషైరు చేరెను. అందుండి నార్తాంప్టనుకు దిగివచ్చిన లారెన్సు ఉన్నివర్తకమున ధనము గడించి, 1532లో ఆ పట్టణమునకు మేయరై, ఎనిమిదవ హెన్రీ మఠముల ఆస్తులను స్వాధీనపఱచుకొని విక్రయించు సమయమున, 1539లో సల్‌గ్రేవ్ భూములను 324 పౌనులకు పైబడిన వెలకు కొనెను. అచటి భవనముఖద్వారముపై రెండు పట్టెలు, మూడు నక్షత్రములు గల కులచిహ్నము చెక్కబడియున్నది. 1938 నుండి వాషింగ్టన్ నగరపతాకముపై కనబడునది ఇదియే.

లారెన్సు మునిమనుమడు, అదే నామధేయుడు, ఎసెక్సులోని పర్లీ గ్రామమున మతాచార్యుడు. అంతర్యుద్ధకాలమున 1643లో ప్యూరిటనులు అతడు సారాయి దుకాణములకు మరిగినవాడని నేరము మోపి పదవినుండి తొలగించిరి. రాజపక్షపాతియగుటయే అసలు కారణమని నా అభిప్రాయము. పిత్రార్జితము లేని కుమారుడు జాన్, పొగాకు వ్యాపారపు ఓడయైన 'సీ హార్సు'పై వర్జీనియాకు పోయెను. తిరుగుప్రయాణమున, 1657లో, ఆ ఓడ పొటోమాక్ నదిలో మెట్టకు తగిలికొనుటచే అతడచటనే నిలిచి, ఆన్ పోప్ అను కన్యను పరిణయమాడి, మామగారివలన 700 ఎకరములు పొందెను. అతని మునిమనుమడే జార్జి వాషింగ్టన్.

జార్జికి సంతానము లేదు. అయినను పేరు క్షీణింపలేదు. 2000వ సంవత్సరపు జనగణనయందు అమెరికాలో ఆ ఇంటిపేరు గలవారు 1,63,036 మంది. వారిలో నూటికి దాదాపు తొంబదిమంది నల్లజాతీయులు. దాస్యము 1865లో రద్దయినపిమ్మట ఇంటిపేరు కావలసివచ్చినవారిలో అనేకులు దీనిని గ్రహించిరి. పశ్చిమ వర్జీనియాలోని పాఠశాలలో హాజరుపట్టీ చదువునపుడు, తక్కినవారికెల్ల రెండేసి పేర్లుండుట గమనించిన ఒక బాలుడు, తన వంతు రాగానే తడబడక 'బుకర్ వాషింగ్టన్' అని చెప్పెను. అతని మారుతండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్. పుట్టినపుడు తల్లి తనకు టాలియాఫెరో అను పేరును గూడ పెట్టెనని బుకరుకు పిమ్మట తెలియవచ్చినది. దానిని నడుమ చేర్చుకొనెను గాని, వాషింగ్టన్‌ను మాత్రము విడువలేదు.