పిడుగురాళ్ల సున్నపు బట్టీలు: కార్మిక చట్టాలు

పల్నాడు జిల్లా పిడుగురాళ్లలో సున్నపురాయిని బట్టీల్లో కాల్చి సున్నం తీస్తారు. జిల్లాలోని సిమెంటు కర్మాగారాలకూ ఈ రాయే ఆధారం. రాయి చేతులు మారినట్టే పర్యవేక్షణా చేతులు మారుతుంది. క్వారీలో పనిచేసేవారికి గనుల చట్టం (1952) కింద కేంద్ర గనుల భద్రతా విభాగం, బట్టీ కూలీలకు కర్మాగారాల చట్టం (1948) కింద రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ బాధ్యత వహించేవి. విద్యుత్తు వాడేచోట 10 మంది, వాడనిచోట 20 మంది ఉంటేనే రెండో చట్టం వర్తించేది. చిన్న బట్టీలకు అసలు చిక్కు ఇదే: తలల లెక్క తగ్గితే రక్షణా తగ్గుతుంది, కళ్లనూ ఊపిరితిత్తులనూ బాధించే సున్నపు దుమ్ము మాత్రం తగ్గదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి (2020) ఈ రెండు చట్టాల స్థానాన్ని తీసుకుంది. కర్మాగారాల పరిమితిని 20, 40కి పెంచింది.