సముద్రతీరమున మంచినీటి గోపురములు

సముద్రము వాకిటనే యున్నను, త్రాగునీటికి మనుష్యుడు వేరు ఉపాయము వెదకుకొనవలసినదే. ఈ నియమమునకు ఏ దేశమును వెలి కాదు. ఇంగ్లండు దేశపు తూర్పుతీరమున, సఫోక్ మండలములో, సౌత్‌వోల్డ్ అను చిన్న పట్టణము కలదు. ఆ యూరి పచ్చికబయలులో రెండు నీటిగోపురములు నిలిచియున్నవి. ఒకటి 1890 నాటిది, రెండవది 1937 నాటిది. మన యూళ్లలో నీళ్లట్యాంకు అని పిలుచునది ఇట్టిదే. రాజులు కట్టించిన కోటలకు చరిత్ర వ్రాసినవారు పెక్కురు. జనుల దాహము తీర్చుటకై కట్టిన కట్టడములకు చరిత్ర వ్రాసినవారు కొందరే. కావున ఆ పట్టణముయొక్క పూర్వవృత్తాంతమును, ఆ గోపురముల కథయు ఇచట సంగ్రహముగా చెప్పబడుచున్నవి.

నార్మండీ ప్రభువగు విలియము 1066లో ఇంగ్లండును జయించెను. పిమ్మట 1086లో, ఏ గ్రామమున భూమి యెంత, నాగళ్లెన్ని, రాబడి యెంత అని విచారింపించి ఒక మహాగ్రంథమున వ్రాయించెను. దానికి డూమ్స్‌డే గ్రంథమని పేరు. మన గ్రామలెక్కల చిట్టాలకు దానిని పెద్దన్నగారనవచ్చును. అందు సౌత్‌వోల్డ్ జాలరుల గ్రామముగా కన్పట్టుచున్నది. ఆ గ్రామము సెయింట్ ఎడ్మండు మఠమునకు ఏటేట 25,000 హెర్రింగు చేపలను చెల్లింపవలసియుండెను. ధాన్యము పండు చోట ధాన్యము, చేప దొరకు చోట చేప. శిస్తు మాత్రము తప్పినది కాదు.

ఆ కాలమున ఆ తీరమునందు గొప్ప రేవు సౌత్‌వోల్డ్ కాదు. దానికి దక్షిణమున కొద్దిమైళ్ల దూరములోనున్న డనిచ్ పట్టణము. 1286 మొదలుకొని వచ్చిన తుపానులు ఆ పట్టణమును కొంచెము కొంచెముగా కోసివేసినవి. 1328 నాటి తుపానుతో దాని రేవు పూడిపోయి, బ్లైత్ నది ఉత్తరముగా దారి మరల్చుకొనెను. క్రమముగా వీధులు, దేవాలయములు సముద్రగర్భమున కలిసిపోయినవి. అయినను 1832 వరకు ఆ శిథిలగ్రామము పార్లమెంటునకు ఇద్దరు సభ్యులను పంపుచునే యుండుట చరిత్రలో ఒక వింత. డనిచ్ కోల్పోయిన వర్తకము సౌత్‌వోల్డ్‌నకు కలిసివచ్చెను. 1489లో ఏడవ హెన్రీ రాజు దానికి పట్టణాధికారముల నొసగుచు శాసనము దయచేసెను.

1659లో ఆ పట్టణమున అగ్నిప్రమాదము సంభవించి ఊరిలో అధికభాగము దగ్ధమయ్యెను. ఎదుట సముద్రము ఘోషించుచున్నను ఇండ్లను కాపాడలేకపోయెను. నీరుండుట వేరు, కావలసిన చోటికి కావలసిన వేళకు నీరు చేరుట వేరు. ఆ పట్టణమున నేడు కనబడు పచ్చికచావడులు నాడు కాలిన ఇండ్లను మరల కట్టక విడిచిన స్థలములే యని స్థానికులు చెప్పుదురు.

1672 మే 28వ తేదీన ఆ పట్టణమునకు ఎదురుగా, సోల్ బే యనబడు చోట, ఇంగ్లీషువారును ఫ్రెంచివారును కలిసి డచ్చివారితో నౌకాయుద్ధము చేసిరి. గెలుపు తమదే యని ఇరుపక్షములవారును చాటుకొనిరి. ఆ యుద్ధపు పొగ మన తీరమునకును సోకినది. మరుసటి సంవత్సరము, 1673లో, అదే వైరము కారణముగా డచ్చివారి ఓడలును ఇంగ్లీషు కంపెనీ ఓడలును మచిలీపట్నమునకు సమీపమున సముద్రములో పోరాడినవి. ఆ రెండు జాతులవారికిని మచిలీపట్నమున వర్తకశాలలుండెను. రెండు తీరముల జాలరులును తమకు పట్టని కలహమును తమ కన్నులతో చూడవలసివచ్చెను.

1879లో సౌత్‌వోల్డ్‌నకు చిన్న రైలుమార్గము పడెను. సముద్రపు గాలికై వచ్చు యాత్రికులు హెచ్చిరి. 1890లో ఓడలకు దారి చూపు దీపస్తంభము వెలిగినది. ఆ సంవత్సరముననే మొదటి నీటిగోపురమును లేచెను. ఒకటి కడలిపై నున్నవారికి, వేరొకటి ఇంట నున్నవారికి.

ఆ గోపురపు తొట్టి 40,000 గ్యాలనుల నీరు పట్టును. గ్యాలను నీటి బరువు 10 పౌనులు. ఆ లెక్కను తొట్టి నిండినచో 4,00,000 పౌనులు, అనగా సుమారు 179 టన్నుల బరువును ఆ కట్టడము తల మీద మోయవలెను. ఇంత నీటిని పైకెక్కించినది పెద్ద గాలిమర. గాలి తనకు తోచినప్పుడు వీచును. మనుష్యునకు దాహము ప్రతిదినమును వేయును. ఈ రెంటికిని సంధి చేయునది పైనున్న తొట్టి. గాలి వీచినపుడు నింపుకొని, గాలి లేనినాడు పంచిపెట్టును. ఎత్తునుండి దిగు నీరు ప్రతి పదియడుగులకు చదరపు అంగుళమునకు నాలుగు పౌనులకు పైగా ఒత్తిడిని పొందును. ఆ ఒత్తిడియే నీటిని గొట్టములవెంట ఇంటింటికి నడిపించును. పల్లమునకు పారుట నీటి స్వభావము. ఆ స్వభావమునే పనిముట్టుగా చేసికొనుట మనుష్యుని తెలివి.

అయితే ఆ తెలివి వెనుక మనుష్యుల ప్రాణములును కలవు. 1899 జనవరి 30వ తేదీన, ఆ నీటిసరఫరా సంస్థయొక్క పర్యవేక్షకుడు ఆ గాలిమర యంత్రములో చిక్కుకొని మరణించెను. యుద్ధములో మడిసిన నావికాధిపతులకు స్మారకములు వెలసినవి. జనులకు నీళ్లందించుచు మడిసినవారిని తలచువారు అరుదు.

1937లో రెండవ గోపురము నిర్మింపబడెను. దానిలో 1,50,000 గ్యాలనుల నీరు పట్టును. అనగా మొదటిదానికి మూడు రెట్లకు మించినది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తరసముద్రము పొంగి ఇంగ్లండు తూర్పుతీరమును ముంచివేసినపుడు సౌత్‌వోల్డ్‌లో అయిదుగురు అసువులు బాసిరి. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో సుమారు ముప్పదివేలమందిని కోల్పోయిన బందరు సీమవారికిని, 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమవారికిని ఆ రాత్రి యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. ఉప్పెన వచ్చినపుడు చుట్టును నీరే. త్రాగుటకు మాత్రము గ్రుక్కెడు నీరు కరవు. ఉప్పునీరు చొచ్చిన బావి మరల తియ్యబడుటకు దినములు చాలవు. మంచినీటిని ఎత్తున దాచుకొనుటలోని వివేకము అట్టి వేళ బోధపడును.

క్రమముగా పాత గోపురము పని మానెను. 1987లో దానిని ఊరిలోని బీరు తయారుచేయు సంస్థవారు నూరు పౌనులకు కొనిరి. ఇంగ్లండులో నూరు పౌనులు స్వల్పధనమే. తరువాత ప్రాణరక్షక పడవల ప్రదర్శనశాలవారును, ఊరి మేలుకొరకు ఏర్పడిన ఒక సంస్థవారును దాని బాధ్యతను వహించిరి. నీరు లేని తొట్టి యని ఎవ్వరును దానిని పడగొట్టలేదు. లెక్కలో ఖరీదు వేరు, విలువ వేరు. ఖరీదు నూరు పౌనులు కావచ్చును. అది అర్ధశతాబ్దికి దగ్గరగా ఊరి దాహము తీర్చిన ఋణమునకు మాత్రము వెల కట్టజాలము.

మన గ్రామములలో క్రొత్త ట్యాంకు రాగానే పాత బావిని చెత్తతో నింపుట ఆచారమైపోయినది. ఆ బావి త్రవ్వించినవారి పేరు తెలిసిన వృద్ధుడు గతించినచో ఆ చరిత్రయు బావితోనే పూడిపోవును. డనిచ్ పట్టణమును సముద్రము మ్రింగినది. మన బావులను, చెరువులను మ్రింగుచున్నది మన మరపు. గ్రంథాలయమున్న గ్రామమునకు ఇట్టి మరపు తగదు. ఏ బావి ఎవరు త్రవ్వించిరి, ఏ చెరువు ఏనాటిది అను సంగతులను పెద్దలనడిగి వ్రాయించి ఈ గ్రంథాలయపు బీరువాలో భద్రపరచినచో, ఈ రజతోత్సవమునకు అంతకన్న మంచి గుర్తు వేరొకటి యుండదు.