లాభాల వాటాలో లేని పల్లెలు: సింగరేణి బెల్టులో ఆదివాసులు, కంపెనీ

సింగరేణి బొగ్గుగనుల మీద మనకున్న రచనల్లో అధికభాగం కార్మిక చరిత్రే. సమ్మెలు, సింగరేణి కార్మిక సమాఖ్య (సికాస), గుర్తింపు సంఘం ఎన్నికలు, వారసత్వ ఉద్యోగాలు అన్నీ చదివాక కూడా ఒక ప్రశ్న మిగిలిపోతుంది: బొగ్గు మీది నేల ఎవరిది? మణుగూరు, ఇల్లందు వైపు పల్లెల్లో తిరిగేకొద్దీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అక్కడి కోయలు, ఆసిఫాబాదు వైపు గోండులు, కొలాములు ఈ రచనల్లో నిర్వాసితుల పద్దులో ఒక అంకెగా మాత్రమే కనిపిస్తారు.

ఈ లోపానికి మూలం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ వేసిన చట్రంలోనే ఉందని నా వాదన. గోండుల ఊరు మార్లవాయిలో ఆయన చేసిన పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని 1945 నాటి ‘ట్రైబల్ హైదరాబాద్’ నుంచి 1982 నాటి ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ దాకా ఆయన రచనల్లో ఆదివాసిని ముంచేవాడు ప్రధానంగా ఒక మనిషి: షావుకారు, పట్వారీ, మైదానం నుంచి వచ్చిన రైతు, ఫారెస్టు గార్డు. అందుకు ఆయన చెప్పిన మందు పట్టా, రక్షణ చట్టం, మనసున్న అధికారి. ఆయన గోండుల మధ్య పనిచేస్తున్న కాలానికే బెల్లంపల్లిలో గనులు నడుస్తున్నాయి. అయినా బొగ్గు ఆయన విచారణకు కేంద్రం కాలేదు. ఆయన నివేదికలు అచ్చయిన 1945లోనే నిజాం ప్రభుత్వం సింగరేణి షేర్లలో అధికభాగం కొని యజమాని అయింది. రక్షించాల్సిన సర్కారూ తవ్వే సర్కారూ ఒకటే అయిన ఏడాది అది. తర్వాతి పరిశోధకుల్లో చాలామంది ఆయన బాటలోనే నడిచి ఈ ముడిని చూడకుండా దాటిపోయారు.

చట్టాలూ అదే దారి పట్టాయి. 1970 నాటి 1/70 భూబదలాయింపు నిబంధన గిరిజనేతరుడి చేతికి భూమి పోకుండా ఆపింది. 1997 జూలై 11న సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీల గని లీజులు చెల్లవని తేల్చింది. విశాఖ మన్యంలోని బొర్రా దగ్గర గెలిచిన ఆ తీర్పు మణుగూరుకు పూర్తిగా చేరలేదు, ఎందుకంటే సర్కారీ సంస్థలకు అది తలుపు తెరిచే ఉంచింది. సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే పీసా చట్టం చూసినా అంతే. ఇసుక వంటి చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ సిఫారసు ముందుగా కావాలి; బొగ్గుకు ఆ నిబంధన వర్తించదు. ఆ చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదిస్తే చాలు.

ఇప్పుడు, కంపెనీ లాభంలో వాటా ఉన్నవాళ్ల వైపు, గోదావరిఖనికి వద్దాం. ఆదివాసి ప్రాంతాలను కాపాడే రాజ్యాంగ ఐదో షెడ్యూలు పరిధిలో లేని పట్టణం ఇది. దసరా ముందు లాభాల వాటా ప్రకటన వచ్చిందంటే చౌరస్తా బట్టల దుకాణాల నుంచి బంగారం కొట్ల దాకా ఒక్కసారిగా ఊపు వస్తుంది. 1999-2000 సంవత్సరానికి 10 శాతంతో మొదలైన ఈ వాటా 2023-24కు 33 శాతమైంది. విస్తరణకు పక్కనపెట్టగా మిగిలిన 2,412 కోట్ల లాభంలో 796 కోట్లు కార్మికులకు పంచారు. ఆ ఏడాది కాంట్రాక్టు కార్మికులకూ తలా 5,000 రూపాయలు దక్కాయి. ఇది దయాధర్మంగా వచ్చిన సొమ్ము కాదు. సంఘం ఉంది, బేరం ఉంది, అవసరమైతే సమ్మె ఉంది. అందుకే వాటా వచ్చింది. కంపెనీతో సంబంధం అంటే ఇదీ.

సమత తీర్పు కూడా వాటా గురించే మాట్లాడింది. నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పెట్టి ఆ ప్రాంతంలో నీళ్లు, బడులు, ఆసుపత్రులు, రోడ్లకు ఖర్చు చేయాలంది. అడవి పెంపకం ఖర్చును అందులో కలపొద్దనీ అంది. అయినా కార్మికుడి వాటాలా ఏటా లెక్కకట్టి, ప్రకటించి, చేతికిచ్చే వాటా ఆదివాసి పల్లెకు ఇప్పటికీ లేదు.

వాటా లేకపోవడం అంటే ఏమిటో తెలియాలంటే ఇప్పచెట్టునే చూడండి. ఎండలు ముదిరే వేళకు కోయ ఆడవాళ్లు చెట్టు కింది ఆకులు ఊడ్చి, కాల్చి, నేల శుభ్రం చేసుకుంటారు. తెల్లవారకముందే బుట్టలతో వెళ్లి రాలిన పువ్వు ఏరుతారు. వాకిట్లో ఎండబెట్టి కొంత ఇంటికి ఉంచుకుంటారు, కొంత అమ్ముతారు. తర్వాత గింజ వస్తుంది, దాని నూనె వస్తుంది. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు. రెవెన్యూ రికార్డుకు మాత్రం తెలియదు. ఓపెన్ కాస్టు గని కోసం ఆ అడవిని మళ్లిస్తే దాని నికర ప్రస్తుత విలువ కట్టి సొమ్మును ప్రత్యామ్నాయ అడవుల పెంపకానికి ఉద్దేశించిన కంపా నిధికి జమచేస్తారు. అంటే అడవికి ధర ఉంది, ఆ ధర చెల్లింపూ జరుగుతుంది, పువ్వు ఏరిన మనిషికి మాత్రం అందులో పైసా హక్కు లేదు. 2006 అటవీహక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద ఆమెకు యాజమాన్యం ఇచ్చింది కదా, మరి ఆ యాజమాన్యం ధర ఏ పద్దులో పడింది?

సింగరేణి ఆసుపత్రులు, బడులు, జిల్లా ఖనిజ నిధి ఈ పల్లెలకూ కొంత మేలు చేసిన మాట నిజం. అయితే మేలు వేరు, వాటా వేరు. అమెరికాలో నవాహో జాతి పీబాడీ కంపెనీ నుంచి బొగ్గు రాయల్టీ తీసుకుంది. రేటు అన్యాయమని కోర్టులకెక్కింది కూడా. కొట్లాడటానికైనా అక్కడ ఒక ఒప్పందం ఉండేది, దాని మీద వాళ్ల సంతకం ఉండేది. ఇక్కడ ఆదివాసిని సంతకందారుగా ఎన్నడూ పిలవలేదు. ఏజెన్సీ గనుల చుట్టూ సాగే ప్రతి తగాదా వేరూ ఇదే. నష్టపరిహారం రెట్టింపు చేసినా అది తెగదు.

కనుక లాభాల వాటా ప్రకటించే రోజునే, షెడ్యూల్డ్ ప్రాంతపు గనుల లాభంలో 20 శాతం ఆ గ్రామసభల ఖాతాల్లో జమ చేస్తున్నట్టు సింగరేణి యాజమాన్యం ప్రకటించాలి. తమ వాటా కోసం కొట్లాడి గెలిచిన గోదావరిఖని కార్మిక సంఘాలు తదుపరి చర్చల్లో ఈ డిమాండును తమ పత్రంలో మొదటి అంశంగా పెట్టాలి.