లంక పొగాకు, చుట్ట: పదాలు దాచిన చరిత్ర

ప్రస్తావన

తెలుగు సాహిత్య విమర్శలో చుట్ట ప్రస్తావన రాగానే గుర్తుకు వచ్చేవాడు గిరీశం. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో అతని సావాసం వల్ల వెంకటేశానికి అబ్బిన విద్య చుట్ట కాల్చడమే. ఆ చుట్టను మనం ఎక్కువగా పాత్ర స్వభావానికి సంకేతంగానే చదువుతూ వచ్చాం. చుట్టలోని ఆకు ఏ నేలలో పండుతుంది, దాని రంగు, ఘాటు ఎలా ఏర్పడతాయి అనే ప్రశ్నలు విమర్శ పరిధిలోకి అంతగా రాలేదు. వాటికి కొంత సమాధానం పదాలలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పేరు చెప్పే చోటు

ఆంగ్లంలోని ‘చెరూట్’కు మూలం తమిళ ‘చురుట్టు’. తెలుగు ‘చుట్ట’ కూడా చుట్టడమనే చేతిపనినే తెలుపుతుంది. వలస పాలన కాలంలో మద్రాసు రాజధాని చుట్టలకు ఆంగ్లేయుల వాడుకలో స్థిరపడిన పేరు ‘ట్రిచినోపొలి’. అది చుట్ట తయారైన ఊరి పేరు. దానితోపాటు వినిపించిన మరో పేరు ‘లంకా’. గోదావరి డెల్టా దీవుల్లో పండిన పొగాకుతో చేసిన ఘాటైన చుట్టకు ఆ పేరు వచ్చిందని యూల్, బర్నెల్‌ల ‘హాబ్సన్-జాబ్సన్’ వివరిస్తుంది. 1890 నాటి కోనన్ డాయిల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ కూడా ఈ చుట్టను పేర్కొంటాడు. హంతకుడు లంకా చుట్ట కాల్చేవాడని తేలితే వెతకవలసిన పరిధి తగ్గుతుందని అతని వాదన. తెలుగు పాఠకునికి ఈ లంక సింహళం కాదు, ఏటి నడుమ మేట వేసిన నేల. ఒక పేరు చుట్టిన చోటును, మరొకటి పండిన చోటును నమోదు చేశాయి.

మగ్గిన ఆకు

వరద తీసిన తరువాత మిగిలే ఒండ్రు లంక పొగాకుకు బలం. కోసి ఆరబెట్టిన ఆకును మండెలుగా పేరుస్తారు. తేమ, బరువు కలిసి మండెలో వేడి పుట్టిస్తాయి. ఆకులోని మాంసకృత్తులు విచ్ఛిన్నమై అమ్మోనియా వెలువడుతుంది. పచ్చివాసన, గరుకుదనం తగ్గి రంగు ముదురుతుంది. అమెరికాలోని కనెక్టికట్ నదీలోయలో పండే వెడల్పాటి బ్రాడ్‌లీఫ్ ఆకును కూడా ఇలాగే దీర్ఘకాలం పులియబెట్టి, ముదురు రంగు సిగార్లకు పైఆకుగా వాడతారు. ఆ రంగుకు పేరు ‘మదురో’. స్పానిష్‌లో ఆ మాటకు ‘పండినది’ అని అర్థం. మన వాడుకలో మామిడికాయ మగ్గుతుంది, పొగాకూ మగ్గుతుంది. ఈ రెండు భాషలూ ఒకదాని నుంచి మరొకటి అరువు తెచ్చుకోలేదు. ఒకే రకమైన పని అనుభవం రెండు చోట్లా ఆకును పండుతో పోల్చింది.

విస్మృత పార్శ్వాలు

ఈ చరిత్ర రుచికి ప్రశస్తి కారాదు. ఉత్తర కోస్తాలో శ్రామిక స్త్రీలు నిప్పు ఉన్న కొసను నోటిలో ఉంచుకొని కాల్చే అడ్డపొగకూ, అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్య పరిశోధనలు నిరూపించాయి. గిరీశం చుట్టకు దొరికిన సాహిత్య గౌరవం ఆ స్త్రీల చుట్టకు దొరకలేదు. మరోవైపు 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో వర్జీనియా సాగు విస్తరించింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. సిగరెట్టు వ్యాపించిన కొద్దీ చుట్ట వెనుకబడింది. చుట్టలు చుట్టేవారి వృత్తి పదాలకూ అదే గతి పట్టింది.

ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం ఇటువంటి సేకరణకు మార్గం చూపింది. ఆ పద్ధతిలో లంక రైతుల, చుట్టలు చుట్టేవారి, అడ్డపొగ స్త్రీల మాటలను సేకరించవలసి ఉంది. ఆ మాటలు తెలిసిన తరం వృద్ధాప్యంలో ఉంది గనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు.