గోడకు ఒదిగిన చిత్రకారుడు – ప్యువీ ద షవాన్

అమెరికాలోని బోస్టన్ ప్రజాగ్రంథాలయంలో సియెనా పాలరాతి మెట్లు ఎక్కేవారికి ఎదురుగా ఒక విశాలమైన చిత్రం కనిపిస్తుంది. లేత నీలి సముద్రం, సన్నని చెట్లు, తెల్లని వస్త్రాలలో గాలిలో తేలివచ్చే కళాదేవతలు. దానిని చిత్రించిన ప్యేర్ ప్యువీ ద షవాన్ ఆ భవనంలో ఎన్నడూ అడుగు పెట్టలేదు.

ఆయన 1824 డిసెంబరు 14న ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జన్మించాడు. గనుల ఇంజనీరైన తండ్రి బాటలోనే నడవవలసిన యువకుడి చదువుకు అనారోగ్యం అడ్డుపడింది. ఆ తరువాత చేసిన ఇటలీ యాత్ర ఆయనను చిత్రకళ వైపు మళ్ళించింది. దలక్రువా, కూతూర్‌ల వద్ద శిక్షణ కొద్దికాలమే సాగింది. 1850లలో పారిస్ సలోన్ ఆయన చిత్రాలను పదేపదే తిరస్కరించింది. 1861లో పరిస్థితి మారింది. యుద్ధం, శాంతి ఇతివృత్తాలుగా ఆయన ప్రదర్శించిన జంట చిత్రాలలో 'శాంతి'ని ప్రభుత్వం కొన్నది. జంటను విడదీయడం ఇష్టంలేక రెండవదాన్ని ఆయన ఉచితంగా ఇచ్చేశాడు. అవి అమియాన్ మ్యూజియంకు చేరాయి.

ఆ కాలపు చిత్రకారులు చాలామంది గోడను కిటికీలా తెరిచి, దూరపు లోతులు చూపేవారు. గోడ గోడగానే ఉండాలన్నది ప్యువీ పద్ధతి. అందుకే లోతును తగ్గించి, ఆకృతులను సరళం చేసి, రాతితో కలిసిపోయే వెలిసిన రంగులు వాడాడు. చూడటానికి తడి సున్నంపై వేసే ఫ్రెస్కోలా ఉన్నా, నిజానికి అవి తన చిత్రశాలలో కాన్వాసుపై తైలవర్ణాలతో వేసి, తరువాత గోడకు అతికించినవి. పారిస్‌లోని పాంథియాన్, సోర్బాన్, లియోన్ మ్యూజియం గోడలను అలాగే అలంకరించాడు. ఈ పద్ధతి వల్లనే 1895–96లో బోస్టన్ చిత్రాలు సముద్రం దాటి రాగలిగాయి. వాటిలో భౌతికశాస్త్రానికి కేటాయించిన చిత్రంలో శుభవార్త, అశుభవార్త ఇద్దరు స్త్రీలుగా టెలిగ్రాఫ్ తీగల వెంట ఎగురుతుంటారు. విద్యుత్ యుగాన్ని పురాణభాషలో చెప్పిన అరుదైన ఊహ అది.

సమకాలికులలో కొందరికి ఆయన రంగులు రక్తహీనంగా తోచాయి. 1884లో తులూజ్-లోత్రెక్ ఆయన 'పవిత్రవనం' చిత్రానికి పేరడీ వేశాడు. అయితే కొత్త దారులు వెతుకుతున్న యువకులు ఆ నిరాడంబరత నుంచే నేర్చుకున్నారు. సెరా చిత్రాలలోని నిశ్చలత, పికాసో నీలిదశలోని బక్కచిక్కిన మనుషులు ఆయనను గుర్తుచేస్తాయి. ఆయన చిత్రం 'ఆశ' నకలును గోగేఁ తాహితీ దాకా తీసుకువెళ్ళాడు.

ప్యువీ 1898 అక్టోబరు 24న మరణించాడు. తరువాతి శతాబ్దం ఆయన శిష్యప్రాయులను ఆధునికులుగా కీర్తిస్తూ, ఆయనను పాతకాలపు సంప్రదాయవాదిగా పక్కన పెట్టింది. కానీ చిత్రతలం చదునుగా ఉండటం లోపం కాదని వారికి ముందే చూపిన గోడలు ఆయనవే.